సారు చూసిన రేచుకుక్కలు

మా లెక్కల సారు పోయారని ఫోన్ వచ్చేసరికి నేను మట్టెవాడలో మా బట్టల షాపులో జాకెట్టు ముక్క కోస్తున్నాను. కత్తెర చేతిలోనే ఆగిపోయింది. నిద్రలోనే పోయారట, ఎవరినీ తిప్పలు పెట్టలేదట. షట్టర్ దించి, పాత కోట లోపల సారు ఉండే ఖిలా తోవ పట్టాను. దారంతా ఏడుస్తాననుకున్నాను గానీ, సగం దూరం వెళ్ళకముందే సకినాల సంగతి గుర్తొచ్చి నవ్వొచ్చింది.

రిటైరయ్యాక సారు ప్రతి చలికాలం పాత శిష్యులం ముగ్గురిని వెంటేసుకొని మారేడుమిల్లి దాటి, తూర్పు కనుమల్లో ఎత్తయిన అడవికి వెళ్ళేవారు. జంతువులను చూడటానికి. మొదటిసారి మా ఆవిడ కట్టిచ్చిన బియ్యప్పిండి సకినాలను నేను కొండమీద కరకర నమిలాను. అప్పుడే దిగివస్తున్న అడవిదున్నల మంద చెవులు రిక్కించి వెనక్కి మళ్ళింది. సారు తిట్టలేదు. "అడివికి మనం పిలువని సుట్టాలం, బిడ్డా. తినుడు గూడ సప్పుడు లేకుంట తినాలె" అన్నారు. అప్పటినుంచి సకినాలను ఫ్లాస్కులోని చాయ్‌లో నానబెట్టుకొని తినడం మా కొండ ఆచారమైంది. నేను ఇంట్లో కూడా అలాగే తింటాను, పిల్లలు నవ్వుతారు.

ఇంకో ఆచారం కూర్చోవడం గురించి. నలుగురం వీపులు ఆనించుకొని నాలుగు దిక్కులకు కూర్చోవాలి. పక్కవాడి దిక్కున పులి వచ్చినా మెడ తిప్పకూడదు. ఆకు చప్పుడైతే జంతువు ఎవరికీ దక్కదని సారు లెక్క. నా పాలికి ఎప్పుడూ ఖాళీ వెదురు పొదలే వచ్చేవి. సారు దిక్కున ఎలుగుబంటి పుట్ట తవ్వుతుంటే నేను వెదురాకులు చూస్తూ కూర్చున్న రోజుంది. కడుపు మండిపోయేది.

ఎన్ని కనబడినా సారుకు ఒక కోరిక మిగిలిపోయింది. రేచుకుక్కలు. తొర్రూరు దగ్గరి పల్లెలో చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ, ఆ ఎర్ర అడవికుక్కలు గుంపుగా కదిలితే పులి కూడా దారి ఇస్తుందని చెప్పేదట. అవి కనబడేదాకా నేను పోనని సారు పరాచికమాడేవారు. పోయిన చలికాలం దవాఖానలో డాక్టర్ గుండె పరీక్ష చేసి, ఈ ఒక్కసారికి వెళ్ళిరండి, ఇక కొండలెక్కడం బంద్ అన్నాడు.

ఆ చివరిసారి కొండమీద ఒక పొద్దున, మంచు విడుతుండగా, నా వెదురు పొదల్లోంచి మూడు బయటికొచ్చాయి. ఇటుక రంగు ఒళ్ళు, నల్లటి తోకలు. నా గుండె దడ సారు వీపుకు తెలిసినట్టుంది. "అవేనా?" అన్నారు, వినీ వినబడనట్టు. ఊఁ అన్నాను. తిరుగుతారనుకున్నాను. సారు మెడ కదల్లేదు. అవి తీరిగ్గా వాగు దాటిపోయేదాకా తన ఎదుట ఉన్న ఉత్త చెట్లనే చూస్తూ కూర్చున్నారు.

ఒక్కసారి తిరిగి చూస్తే ఏమయ్యేది సార్ అని అడిగాను.

"నేను మర్లితే అవి నీకు గూడ దక్కకపోయేటివి" అన్నారు. "నా దిక్కు నాది. ఇగ నువ్వు చెప్పు. ఒక్కటి ఇడ్వకుంట చెప్పు."

చెప్పాను. పరీక్ష పెట్టినట్టు అడ్డప్రశ్నలు వేసి, చెప్పిందే మళ్ళీ చెప్పించుకున్నారు. అంత సంతోషంగా సారును నేనెప్పుడూ చూడలేదు. దిగేటప్పుడే జీపు డ్రైవర్‌తో రేచుకుక్కలు కనబడ్డాయని మొదలుపెట్టారు. ఎవరికి కనబడ్డాయో మాత్రం చెప్పలేదు. ఊరికొచ్చాక వాకింగ్ మిత్రులకు, కూరగాయలామెకు, అందరికీ చెప్పారు. చెప్పిన ప్రతిసారీ గుంపు పెరిగింది. లెక్కల సారే అయినా ఈ ఒక్క విషయంలో అన్నీ కూడికలే, తీసివేతల్లేవు. మేం ముగ్గురం నోరు విప్పలేదు.

అంత్యక్రియలయ్యాక సారు ఇంటి ఎదురుగా ఉన్న చాయ్ హోటల్‌లో కూర్చున్నాను. హోటలాయన గ్లాసు నా ముందు పెట్టి నిలబడ్డాడు.

"మీరు గూడ ఉన్నరట గద. పదిహేను కుక్కలట. అన్ని పోతాంటె ఒక్కటి ఆగి, సారునే సూసుకుంట నిలవడ్డదట. నిజమేనా?"

నిజమేనన్నాను.

లెక్క ఎంతైనా కానీ, అది మాత్రం నేను కళ్ళారా చూశాను. చివరిది వాగు ఒడ్డున ఆగి, ముందు కాలు ఒకటి ఎత్తిపట్టుకొని, నా తల మీదుగా, వెనక కూర్చున్న, నాకన్నా పొడుగైన మా సారు మంకీ టోపీని చాలాసేపు చూసింది.