రెండు మీటల గుట్టు

జహీరాబాద్ బస్టాండులో నా పక్కన కూర్చున్న పెద్దాయన చేతిలో పట్టేంత తెరకు పాత టీవీ గేమ్ క్యాసెట్ తగిలించి ఆడుకుంటున్నారు. ఆట ఆపినప్పుడల్లా తెర మీద ‘జర ఆగు’ అని వస్తోంది. నేను పక్కకు వంగి చూశాను. అవి నేను పెట్టిన మాటలే. చిన్నప్పుడు వీడియో గేముల దుకాణంలో బిళ్ళ వేసి ఆడిన ఆటను, ఆ క్యాసెట్‌లో పట్టేలా రెండేళ్లు కూర్చుని తిరగరాసింది నేనే.

“మస్తుగుంది కదా సార్! చేసినాయన పట్నంల ఉంటడు. ఆయన దగ్గర్నే తీస్కున్న,” అన్నారు.

నేను ఉండేది పట్నంలో కాదు. ఒకసారి ఇమ్మని అడిగి, పై మీటా స్టార్ట్ మీటా కలిపి నొక్కాను. అలా నొక్కితే నా పేరు కనిపించేలా దాచిపెట్టుకున్నాను. పేరైతే వచ్చింది గానీ, అది నాది కాదు.

“అరె, గిది నాకే ఎర్క లేదు. మీకెట్ల తెలుసు?”

ఆట ఇచ్చి, ఆ మీటల సంగతి నేను చెప్పింది పట్నంలో ఒక్కడికే. తెర మీద ఉన్నది వాడి పేరే.

“ఆయన మా దోస్తు,” అన్నాను.

“గట్లనా! మంచిగ చేసిండని నా మాటగ చెప్పున్రి.”

చెప్తానన్నాను. ఇంతవరకూ నోరు రాలేదు.