అప్పన్న తుంటి సంగతి

నేను రోజుకు ఇరవై మంది నడుములూ మోకాళ్లూ నొక్కి బతుకుతాను. పరాయి దేశంలో, యీషున్ అనే పేటలో ఒక చిన్న ఫిజియోథెరపీ క్లినిక్‌లో నా ఉద్యోగం. మధ్యాహ్నం మూడు దాటితే ఎవరి మోకాలు ఎవరిదో గుర్తుండదు. సాయంత్రం సెంబవాంగ్ రైల్లో నిలబడి నా నడుము నేనే పట్టుకుంటాను. ఈ పనిలో చేరినప్పుడు మనుషులంటే జాలి ఉండేది. పదకొండేళ్లలో అదీ కీళ్ల మధ్య గుజ్జులా అరిగిపోయింది.

అలాంటి నాకు అప్పన్న తగులుకున్నాడు. అరవై ఒక్క ఏళ్ల మనిషి, నలభై ఎనిమిది కిలోల బరువు, నా భుజం దాటని ఎత్తు. కుడి తుంటి పట్టేసిందని వచ్చాడు. ఫారంలో ‘గతంలో తగిలిన దెబ్బలు’ అన్న చోట అడ్డంగా గీత గీసి ఇచ్చాడు. డాక్టరు తీయించిన ఎక్స్‌రేలు వరసగా పెట్టి చూస్తే తొమ్మిది పాత విరుగుళ్లు తేలాయి. మెడ కింద అడ్డంగా ఉండే ఎముక ఒక్కటే మూడుసార్లు విరిగింది.

"అంకుల్, ఏ దెబ్బలూ లేవని రాశారేంటి?" అన్నాను.

"అతికిపోనాయి కదమ్మా. అతికిపోయినవి కూడా సెప్పాలేటి?"

"సరే, ఇప్పుడు నొప్పి పదిలో ఎంత?"

"కొసోంగ్," అన్నాడు. మలయ్‌లో సున్నా అని. ఇక్కడ టీలో పంచదార వద్దన్నా అదే మాట.

ఆర్నెల్ల పాటు వారానికోసారి వచ్చాడు. ప్రతిసారీ అదే ప్రశ్న అడిగాను, అదే జవాబు చెప్పాడు. కాలు పైకెత్తితే కళ్లలో నీళ్లు తిరిగేవి. అయినా కొసోంగే. నాకు ఒళ్లు మండేది. నొప్పి లేనివాడికి నేనేం వైద్యం చెయ్యను?

ఆయన మాట మాత్రం వినబుద్ధయ్యేది. నేను అనకాపల్లి పిల్లని. మా నాయనమ్మ పోయాక మళ్లీ వినని తెలుగు ఆయన నోట విన్నాను, మధ్యమధ్య మలయ్ ముక్కలు కలిసి. ఆయన తాత శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటలకు వచ్చాడట. తండ్రి సెంబవాంగ్‌లో, ఇంగ్లీషువాళ్ల నేవల్ బేస్ ఉన్న రోజుల్లో, ఓడలకు రంగులు వేసేవాడు. అప్పన్న ఇక్కడే పుట్టాడు. పదహారో ఏట, మనిషి తేలిగ్గా ఉన్నాడని ఎవరో బుకిట్ తిమాలో గుర్రపు పందేల మైదానానికి తీసుకెళ్లారు. మైదానం క్రాంజికి మారితే తనూ మారాడు. మొత్తం నలభై అయిదేళ్లు.

ఆయన జాకీ కాదు. పందెం రోజు రంగుల చొక్కా తొడుక్కుని గెలిచేది జాకీ. మిగతా రోజుల్లో తెల్లారగట్ల అదే గుర్రాన్ని పరుగెత్తించి, దాని తిక్క వదిలించి, మనిషిని మొయ్యడం నేర్పేది అప్పన్నలాంటి వాళ్లు. ఎవరినీ వీపెక్కనివ్వని గుర్రం వచ్చిందంటే ట్రైనర్లు ఈయనకే కబురు పెట్టేవారు. వారంలో ఏడుగురిని కిందపడేసిన గుర్రం మీద ఒకసారి నలభై నిమిషాలు కూర్చున్నాడట. ఏం చేశారని అడిగితే, "ఏటి సేస్తాం, తిడతా కూకున్నాను. అలిసిపోనాది," అన్నాడు. అలా లొంగిన గుర్రాలు గెలిచిన కప్పులు ఎవరెవరి ఇళ్లలోనో ఉన్నాయి. పందేల పుస్తకంలో గుర్రం పేరు, యజమాని పేరు, ట్రైనరు పేరు, జాకీ పేరు ఉంటాయి. అప్పన్న పేరు ఉండదు. దానికి ఆయన ఎన్నడూ బాధపడలేదు. నాకే ఊరికే బాధేసింది.

దెబ్బలు దాచుకోవడం ఆ పనిలో అందరికీ అలవాటే. ఎముక విరిగిందని చెబితే ఆ గుర్రం మర్నాటికి ఇంకొకడి చేతికి పోతుంది, మళ్లీ తిరిగి రాదు. అందుకని గుర్రపుసాల వెనక్కి వెళ్లి ఒకరికొకరు చొక్కా కింద సాగే పట్టీ బిగించి చుట్టుకునేవారు. పక్కటెముకలు విరిగినవాడు ట్రైనరు ముందు దగ్గకూడదు. దగ్గు ఆగకపోతే గుర్రం మెడలో మొహం పెట్టి దగ్గాలి. ఈ విద్యలన్నీ అప్పన్న నాకు మహా గర్వంగా చెప్పాడు. చెబుతున్నంతసేపూ నేను తల పట్టుకున్నాను.

తుంటి విరిగింది రెండేళ్ల కిందట. ఒక బూడిద రంగు గుర్రం బెదిరి కంచెకేసి నొక్కేసింది. దాని అసలు పేరు ఇంగ్లీషులో ఏదో పెద్దది. ఆయన మాత్రం దాన్ని బావ అంటాడు. "బావ అని ఎందుకు అంకుల్?" అంటే, "ఏటి సేసినా పడాలి కదమ్మా, ఆడపిల్లనిచ్చినోళ్లం," అన్నాడు. భార్య కుమారమ్మకు బాత్రూంలో జారానని చెప్పాడు. ట్రైనరుకు అసలు చెప్పనే లేదు. విరిగిన తుంటికి పట్టీ చుట్టుకుని, రోజూ పొద్దున్నే అదే బావ మీద ఊరేగాడు.

తర్వాత క్రాంజిలో పందేలు ఆగిపోయాయి. పరుగెత్తగల గుర్రాలను విమానాల్లో వేరే దేశాలకు పంపేశారు. సాలలు ఖాళీ అయ్యాయి. బావకు తొమ్మిదేళ్లు, మోకాలు వాపు, ఎప్పుడూ గెలిచిన మొహం కాదు. ఎవరూ అడగలేదు. ఆ నెలాఖరులోగా ఏదైనా చోటు దొరక్కపోతే పశువుల డాక్టరు ఇంజెక్షన్ ఇస్తాడని దాని యజమాని చెప్పేశాడు. చెడ్డవాడేమీ కాదు, మరో దారి లేనివాడు.

మిగిలింది ఒక్క చోటు. కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేని పిల్లలను గుర్రాల మీద కూర్చోబెట్టి నడిపించే ఒక కేంద్రం. అక్కడివాళ్లు బావను ఒకసారి చూశారు. వాళ్ల మనిషి ఎక్కి కళ్లెం బిగించగానే బావ దూకుడు మీదికి వచ్చింది. పందెపు గుర్రానికి కళ్లెం బిగిస్తే పరుగెత్తమని అర్థం. పాపం, దానికి తెలిసింది అదే. ఇంకొక్క అవకాశం ఇస్తామన్నారు, శనివారం నాడు. ఈసారి తను ఎక్కి చూపిస్తానన్నాడు అప్పన్న. అరవై దాటారు కాబట్టి ఫిట్‌గా ఉన్నట్టు లెటర్ తెమ్మన్నారు.

ఆ లెటర్ కోసం సోమవారం నా దగ్గరికి వచ్చాడు.

"ఒక్క ముక్క రాసీ అమ్మా. మనిషి బాగున్నాడు, ఎక్కొచ్చు, అని."

"బాగాలేరు కదా అంకుల్. కుడికాలు బిగించి పట్టలేరు. ఎడమచేతి పట్టు సగమే ఉంది. ఇంకోసారి పడితే మళ్లీ లేవరు."

"నాను పడను."

"అది గుర్రం కూడా ఒప్పుకోవాలి."

నవ్వలేదు. "రాయకపోతే ఈణ్ణి సంపేస్తారమ్మా," అన్నాడు.

ఏం చెయ్యను? అబద్ధం రాస్తే ఆయన నడుం విరుగుతుంది, నిజం రాస్తే గుర్రం పోతుంది. బయట ఇంకా ఆరుగురు కూర్చుని ఉన్నారు. నేను నిజమే రాశాను. కుడి తుంటి బలహీనం, శరీరం నిలకడగా ఉండదు, సొంతంగా స్వారీకి తగడు. చివర్లో జాలి పడి ఇంకో వాక్యం కలిపాను: చెరోపక్క ఒకరు కాలు పట్టుకుంటే, నడకలో కొద్దిసేపు కూర్చోవచ్చు.

ఆయన కాగితం నిదానంగా చదివాడు. ఆ చివరి వాక్యం దగ్గర మొహం నల్లబడింది. "నలభై అయిదేళ్లు నాను దాసిందంతా కాయితం మీద పెట్టీసినావు," అన్నాడు. మడిచి జేబులో పెట్టుకుని కుంటకుండా నడిచి వెళ్లిపోయాడు. కుంటకుండా నడవడానికి ఎంత నొప్పి ఓర్చుకోవాలో నాకు తెలుసు. ఆ వారమంతా నా మీద నాకే విసుగ్గా ఉంది.

శనివారం మధ్యాహ్నం క్లినిక్ మూసే వేళకు కుమారమ్మ ఫోన్ చేసింది. ఆవిడతో నాకు రెండు మూడు సార్లు మాటామంతీ ఉంది, అంతే.

"అమ్మా, మీ అంకుల్ పాత పట్టీ బయటికి తీసినాడు. తుంటి నుంచి రొమ్ము దాకా సుట్టించుకున్నాడు, నా సేతే సుట్టించుకున్నాడు. కాయితం ఏదంటే పారేసినానన్నాడు. నాను ఎల్తే తిడతాడు. నువ్వు ఒకసారి ఎల్తావేటి?"

నేను అన్నం కూడా తినలేదు. తిట్టుకుంటూ టాక్సీ ఎక్కాను.

కేంద్రంలో ఇసక పరిచిన చిన్న మైదానం, పైన రేకుల కప్పు. బావ ఒక మూల నిలబడి ఈగలను తోలుకుంటోంది. దాని పక్కన అప్పన్న ఇస్త్రీ చొక్కాలో కర్రలా బిగుసుకుని ఉన్నాడు. కేంద్రం నడిపే మిస్ ఓంగ్ చేతిలో కాగితాలు బిగించిన అట్ట పెట్టుకుని లెటర్ అడుగుతోంది. ఇంట్లో మరిచిపోయానంటున్నాడు. అంతలో నన్ను చూశాడు.

ఆవిడ ముందు నేను నోరు విప్పితే అక్కడితో అయిపోయేది. విప్పలేదు. దగ్గరికి వెళ్లి మెల్లగా, "అంకుల్, ఎక్కి పడిపోయారనుకోండి, మీరూ పోతారు, వాడూ పోతాడు. ఆ కాగితం మీరే ఇవ్వండి, నేనివ్వను," అన్నాను.

గుర్రం మెడ రెండుసార్లు నిమిరాడు. తర్వాత జేబులోంచి మడత తీసి మిస్ ఓంగ్ చేతిలో పెట్టి తల తిప్పుకున్నాడు. పారెయ్యలేదన్నమాట.

ఆవిడ చదివింది. మళ్లీ చదివింది. కాదంటుందనుకుని నేను టాక్సీకి ఫోన్ తీశాను.

"అంకుల్, యూ డోంట్ రైడ్ లా. జస్ట్ సిట్. కెన్?" అంది, కుదురుతుందా అని.

నాకు వివరంగా చెప్పింది. వాళ్ల దగ్గర ఉన్నవాళ్లందరూ గట్టివాళ్లే. కొత్త గుర్రాన్ని పరీక్షించడానికి కదల్లేని పిల్లల్లా నటిస్తూ కూర్చుంటారు కానీ నటన గుర్రానికి తెలిసిపోతుంది. నిజంగా పట్టు లేని మనిషి కూర్చున్నప్పుడు గుర్రం ఏం చేస్తుందో చూడాలి. ఇంతవరకు అలాంటి పెద్దవాళ్లెవరూ ముందుకు రాలేదట.

నేను తెలుగులో చెప్పాను. అప్పన్న మొహంలో నెత్తురు లేదు. లొంగని గుర్రాలను లొంగదీసినవాణ్ణి పట్టుకుని, స్వారీ చెయ్యకు, సంచిలా కూర్చో అంటోంది. అదీ ఇంతమంది ముందు. ఆయన తిరిగి వెళ్లిపోతాడనే అనుకున్నాను. బావ ఆయన జేబులో మూతి పెట్టి వెతుకుతోంది, ఎప్పుడూ బెల్లం ముక్క ఉండే జేబులో.

"పట్టీ ఉంటే కుదరదు కదా?" అని అడిగాడు నన్ను.

"కుదరదు."

"అయితే ఇప్పీ."

సామాను గది వెనక్కి వెళ్లి ఆ పట్టీ విప్పాను. ఎంతకీ తరగదు. చివరి చుట్టు వదిలేసరికి మనిషి కుడిపక్కకు ఒరిగిపోయాడు. ఇన్నాళ్లూ నేను చూసింది పట్టీ లేకపోయినా లోపల బిగబట్టుకుని నిలబడిన అప్పన్ననే అని అప్పుడర్థమైంది. నా ఆర్నెల్ల వైద్యం మీద నాకు సిగ్గేసింది.

వాలు మెట్ల మీదుగా తీసుకెళ్లి కూర్చోబెట్టారు. కాళ్లకు ఆధారం లేదు, చేతిలో కళ్లెం లేదు. ఒక వలంటీరు గుర్రాన్ని పట్టుకుని ముందు నడిచింది, ఇద్దరు చెరోపక్క ఆయన కాళ్లు పట్టుకున్నారు. అప్పన్న ఎవరి వైపూ చూడలేదు. మొదటి చుట్టు బాగానే జరిగింది. రెండో చుట్టులో, బెదురుతుందేమో చూడ్డానికి, వెనకనుంచి బంతి దొర్లించారు, గొడుగు తెరిచారు. బావ చెవులు వెనక్కి వెళ్లాయి, అడుగు మాత్రం మారలేదు. మూడో చుట్టులో మిస్ ఓంగ్ చెయ్యి ఊపింది. పక్కనున్న ఇద్దరూ కాళ్లు వదిలి, చేతులు దగ్గరగా ఉంచి నడిచారు.

పది అడుగులు పడ్డాయి. మలుపు దగ్గర ఆయన కుడి తుంటి వదిలేసింది. నాకు కనిపించింది. ఒళ్లు కుడిపక్కకు జారుతోంది. ఎడమచెయ్యి జూలు కోసం చాచాడు, అందలేదు. వలంటీరు చేతులు ఇంకా చేరనే లేదు, బావ ఆగిపోయింది. ఆగి, కుడిపక్కకు ఒక్క అడుగు జరిగింది. జారుతున్న మనిషి కిందికి తన వీపు తెచ్చిపెట్టింది. అప్పన్న మళ్లీ నిటారుగా కూర్చుని ఉన్నాడు.

ఇది ఎవరు నేర్పారని మిస్ ఓంగ్ అడిగింది. పందెపు గుర్రానికి ఎవరూ నేర్పని పని అది.

అప్పన్న నాతో అన్నాడు. "ఎవులూ నేర్పనేదమ్మా. రెండేళ్ల బట్టి రోజూ పొద్దున్న నాను ఇలగే జారతన్నాను. నన్ను నానే ఆపుకుంటన్నాననుకున్నాను. ట్రైనర్‌కి సెప్పనేదు, కుమారికి సెప్పనేదు, నీకు సెప్పనేదు. ఈడికి తెలిసిపోనాది. తెలిసి, ఎవులికీ సెప్పకుండా మోసినాడు."

ఆయన ఏమన్నాడని మిస్ ఓంగ్ అడిగితే ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ అట్ట మీద ఏదో రాసి, సంతకం చేసి, సోమవారం నుంచి బావ తమదే అంది. అప్పన్న వంగి గుర్రం మెడలో మొహం పెట్టుకున్నాడు. దగ్గడానికి కాదు. భుజాలు కదులుతున్నాయి. మేమంతా వేరే వైపు చూశాం.

కాసేపటికి రెండు చేతులూ మా వైపు చాచాడు. "దింపండమ్మా," అన్నాడు.

ముగ్గురం పట్టుకుని దింపి బల్ల మీద కూర్చోబెట్టాం. అలవాటు కొద్దీ అదే ప్రశ్న అడిగాను.

"నొప్పి పదిలో ఎంత అంకుల్?"

బావ వైపు ఒకసారి చూశాడు.

"తొమ్మిది," అన్నాడు.