ఐదో గడి

యూనీస్‌ది మెదక్. చర్చి హాస్టల్లో ఉండి ఇంటర్ దాకా చదివి, 1988లో నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఒక మహిళా సంఘం నడిపే క్రెష్‌లో టీచరుగా చేరింది. పొద్దున తొమ్మిదికల్లా ముప్పై మంది పిల్లలు దిగేవాళ్లు. తల్లులు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పండ్లమ్మేవాళ్లు, బట్టల దుకాణాల్లో నిలబడేవాళ్లు, స్టేషన్ ఊడ్చేవాళ్లు. ప్రతి ఊయలలో తల్లి పాత చీర ముక్క ఒకటి ఉండాలన్నది యూనీస్ పెట్టిన నియమం. ఆ వాసనకు పిల్లలు నిద్రపోతారు. ఎనిమిదేళ్లు అలా గడిచాయి. ఆ పని గొప్పదని ఎవరూ అనలేదు, అది ఆగనూ లేదు.

1996లో విదేశీ దాతల నుంచి ఉత్తరం వచ్చింది. విధానం మారిందట. పిల్లల్ని చూసుకోవడం ఉట్టి సంక్షేమం. ఇకమీదట సాయం సాధికారతకే. సంఘం కార్యదర్శి రామచంద్రమూర్తి దాన్ని రెండుసార్లు చదివి కళ్లద్దాలు తీశాడు.

“క్రెష్ పాత పద్ధతంటున్నారమ్మా. ఆడవాళ్లను తల్లులుగానే చూస్తున్నామట.”

“మరి పిల్లలు పాతబడలేదు కద సార్?”

“నాతో వాదించి ఏం లాభం? నేను వాళ్లతో వాదించలేను.”

ఊయలలు అటకెక్కాయి. వాటి చోట కుర్చీలు, వైట్‌బోర్డు. యూనీస్ ఇప్పుడు ‘ఫెసిలిటేటర్’, అంటే ఆడవాళ్లను పిలుచుకొచ్చి హాజరు రాసే మనిషి. రోజూ పదకొండు నుంచి ఒంటిగంట దాకా నాయకత్వ శిక్షణ. మొదటిరోజు ఇరవై రెండు మంది వచ్చారు, పిల్లల్ని చంకనేసుకుని. పాఠం చెప్పడానికి బయట్నుంచి వచ్చిన శిక్షకురాలు అరగంట ఏడుపులు భరించి, రేపట్నుంచి పిల్లల్ని తేవద్దంది. రెండోరోజు తొమ్మిది మంది. వారం తిరిగేసరికి నలుగురు.

ఆడవాళ్లు ఎందుకు రావడం లేదో తెలుసుకోవడానికి దాతలు సర్వే మంజూరు చేశారు. గల్లీలో ఎవర్నడిగినా చెప్పే సంగతికి ఆరు నెలలు, ఢిల్లీ నుంచి ఒక నిపుణుడు. ఫారాలు పట్టుకుని యూనీస్ బండి బండికీ తిరిగింది. ఆమెకు ఆశ ఒక్కటే: నిజం కాగితం మీద పడితే క్రెష్ మళ్లీ తెరుస్తారు.

జయమ్మ జామకాయల బండి పెద్ద పోస్టాఫీసు దగ్గర. రెండేళ్ల కూతురు చీర ముక్కతో బండి చక్రానికి కట్టేసి ఉంది. రెండడుగుల దూరంలో సిటీ బస్సులు. ఆ చీర ముక్కను యూనీస్ గుర్తుపట్టింది. ఊయలలోదే.

“ఏంది టీచరమ్మా, గిది?”

“శిక్షణకు ఎందుకొస్తలేవో రాసుకోవాలె. చదువుత విను. మొగుడు వద్దన్నడా?”

“ఆయన్నడిగేదెవరు?”

“ఆచారం అడ్డమొచ్చిందా?”

“నడిరోడ్డు మీద జామకాయలమ్ముతున్న. ఇంకేం ఆచారం?”

“నీ మీద నీకు నమ్మకం లేదా?”

“జర గా ట్రాఫిక్ పోలీసాయన్నడుగు, నా నమ్మకం సంగతి!”

“శిక్షణ ఉన్నదని తెల్వదా?”

“నువ్వే వచ్చి చెప్తివి కద! గీ నాలుగిట్ల నాది లేదు. పిల్లనెవరు చూస్తరు? గది రాయి.”

రాయడానికి గడి లేదు. యూనీస్ స్కేలు పెట్టి ఐదో గడి గీసింది. ‘పిల్లల్ని చూసేవాళ్లు లేరు’ అని రాసి టిక్కు పెట్టింది. అరవై మూడు ఫారాల్లో యాభై తొమ్మిదింటికి అలాగే గీసింది.

మరుసటి వేసవిలో రంగుల అట్టతో నివేదిక వచ్చింది. యూనీస్ తన గడి కోసం పేజీలు తిరగేసింది. కంప్యూటర్లో పేరున్న గళ్లు ఆ నాలుగే కాబట్టి యాభై తొమ్మిదీ ‘ఇతరములు’లో పడ్డాయి. కింద నిపుణుడి తాత్పర్యం: ఈ మహిళలు తమ సమస్యను స్పష్టంగా చెప్పుకోలేకపోతున్నారు. ముందుగా వీళ్లకు మాట్లాడటంలో శిక్షణ అవసరం.

అదీ మంజూరైంది. మొదటిరోజు జయమ్మను తీసుకురమ్మని రామచంద్రమూర్తి యూనీస్‌నే పంపాడు.

“మాట్లాడుడు నేర్పుతరా? నాకా?” జయమ్మ వంగి కూతుర్ని విప్పి యూనీస్ చేతుల్లో పెట్టింది. “దీన్ని పట్టుకో. బండి గూడ చూడు. నేను పోయి మాట్లాడొస్త.”

యూనీస్ చంకలో పిల్లతో, ఫుట్‌పాత్ మీద నిలబడి జామకాయలమ్మింది. గంటన్నరకు జయమ్మ తిరిగొచ్చింది.

“చెప్పినవా?”

“ఏడ చెప్పనిచ్చిన్రు? లేచి పేరు చెప్పుడు నేర్పిన్రు. కడమది రేపంట. రేపు గూడ నువ్వే రా.”

“రేపు హాల్ల హాజరు నేనే రాయాలె, జయమ్మా.”

“అయితే అయిపాయె.”

జయమ్మ పిల్లను మళ్లీ చక్రానికి కట్టింది. ముడి విప్పుకోవడం నేర్చిందని ఈసారి రెండు ముళ్లు వేసింది.