పుట్టిలో కుర్చీ

నిన్న టీవీలో హాలెండు సముద్రపు ఒడ్డున ఏదో పల్లెను చూపిస్తుంటే మా మనవరాలు కేకేసి నన్ను కూర్చోబెట్టింది. ఇళ్లకంటే ఎత్తున కట్ట, దానికి అవతల సముద్రం, పడవలు తిరిగొచ్చేదాకా ఒడ్డున నిలబడే ఆడవాళ్లు. రాజోలి దగ్గర తుంగభద్ర ఒడ్డున పుట్టినదాన్ని కదా, భాష తెలియకపోయినా ఆ ఊరు నాకు తెలిసినట్టే ఉంది. నీళ్ల పక్కన బతికేవాళ్ల గుణం ఎక్కడైనా ఒకటే, ఊళ్లో ఎవరితోనైనా పోట్లాడతారు గానీ నీటి దగ్గర మాత్రం గొప్పలకు పోరు.

మా చిన్నతనంలో వంతెన లేదు. వెదురుతో అల్లి తోలు కప్పిన గుండ్రటి పుట్టే అందరికీ దిక్కు, దాన్ని తోలే చాచా మాటే ఒడ్డున చట్టం. ఎంతటివాడైనా చెప్పులు విడిచి, పుట్టి అడుగున గొంతుక్కూర్చుని, అవతలి ఒడ్డు చేరేదాకా కదలకూడదు.

మా అక్క పెళ్లి శ్రావణంలో పెట్టుకున్నారు. మగపెళ్లివారిది ఏటికి అవతల, బాగా లోపలి మెట్ట ఊరు, బావి నీళ్లే తప్ప ఏరు ఎరగనివాళ్లు. పెళ్లికొడుకు కింద కూర్చుంటే పరువేం కావాలని పుట్టిలో కుర్చీ వేశారు! చాచా తెడ్డు పక్కన పెట్టేశాడు. ఎగువన వానపడి నీళ్లు ఎర్రబారుతున్నాయి, ఇంకాస్త పెరిగితే పుట్టి కదలదు, ముహూర్తం దాటిపోతుంది. ఇవతలి ఒడ్డు నుంచి ఆ కుర్చీ, కదలని పుట్టి చూసి మా నాన్నకు ముచ్చెమటలు పోశాయి, మా అమ్మ మొక్కని దేవుడు లేడు, అక్క పసుపు బట్టలతోనే ఒడ్డుకు వచ్చేసింది.

"ఏటికి కుర్చీ తెల్వదు బిడ్డా. గొంతుక్కూసుంటెనే పుట్టి కదుల్తది" అన్నాడట చాచా. తన తండ్రి కస్సుబుస్సులాడుతుండగానే పెళ్లికొడుకు కుర్చీ దించేసి, చెప్పులు విడిచి, ఉల్లిగడ్డల గంపల మధ్య ముడుచుకుని కూర్చున్నాడట.

ఒడ్డు చేరేసరికి బాసికం చెవిమీదికి జారి, రెండు చేతులా చాచా లుంగీ పట్టుకుని ఉన్నాడు మహానుభావుడు. అక్క పకపకా నవ్వింది. మేనత్తలు గిల్లినా ఆపుకోలేక, నా చెవిలో "పొగరు లేని మనిషి దొరికిండే" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇప్పుడు కారులో, చెప్పుకునే మాట ముగిసేలోగా వంతెన దాటేస్తాం. పుట్టీ లేదు, చాచా లేడు, తలతిప్పి ఏటిని చూసేవాళ్లూ లేరు. మా బావ మాత్రం, మోకాళ్ల నొప్పులంటూనే, వంతెన ఎక్కగానే చెప్పులు విడిచి వెనక సీటు మీద గొంతుక్కూర్చుంటాడు. అక్కను నవ్వించడానికి మొదలుపెట్టిన ఆట, అక్క పోయినా మానలేదు. ఈమధ్య ఆ పక్క సీట్లో నేను కూర్చుంటున్నాను, అవతలి ఒడ్డు వచ్చేదాకా అక్క వంతు కూడా నేనే నవ్వుతున్నాను.