ఇస్త్రీ అక్క పోగొట్టిన మరకలు

మా వీధి మలుపులో, మందుల షాపు పక్కన, ఒక బల్ల, ఒక తొట్టి, ఒక మనిషి పట్టేంత గది ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళుగా అందులో ఒకే మనిషి నిలబడి ఉంది. అందరం ఆమెను ఇస్త్రీ అక్క అంటాం. ఆమె కూర్చోగా నేను చూసింది రెండేసార్లు. ఒకటి వాళ్ళాయన పోయిన రోజు. రెండోది నా నిర్వాకం వల్ల.

పదిహేడేళ్ళప్పుడు అత్తగారి వెనకాలే ఆ గదిలోకి వచ్చింది. అత్తగారిది గయ్యాళి నోరే గానీ పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. ఆవిడ నేర్పిన మొదటి పాఠం, మురికి బట్ట మీద ఇస్త్రీపెట్టె పెట్టకూడదని. వేడి తగిలిందంటే మరక పోగుల్లోకి దిగిపోయి ఇక వదలదు. ముందు ఉతుకు, తర్వాతే పెట్టె. ఎవరైనా విడిచిన చొక్కా తెచ్చి, "ఊరికే అలా ఓసారి పెట్టె తగిలించక్కా, తొందరలో ఉన్నా" అంటే, దాన్ని వాళ్ళ చేతుల్లోనే పెట్టి పంపేసేది. ఈ సంగతి వీధిలో అందరికీ తెలుసు. లైబ్రరీ నడిపే నాకూ తెలుసు, అదే నా బాధ.

ఈ ఏడు లైబ్రరీ హాల్లో మా వీధి ఆడవాళ్ళ చరిత్ర మీద ప్రదర్శన పెట్టాలనుకున్నాం. డ్రాయింగు టీచరు, ఆమె దగ్గర నేర్చుకునే అమ్మాయిలు కలిసి గోడల మీద తొమ్మిదిమంది బొమ్మలు వేశారు. ఒక్కో బొమ్మ కింద ఆమె పనిలో తొడుక్కున్న బట్ట, ఉతక్కుండా, ఉన్నదున్నట్టు తగిలించాలి. మెకానిక్కు గ్రీజు, మేస్త్రీకి సిమెంటు, బేకరీ ఆవిడకు మాడిన పాకం. 'మరకలే మన చరిత్ర' అని పోస్టర్లు వేసి వీధంతా అంటించాం.

బట్టలు పోగుచేయడానికి ఆరు వారాలు పట్టింది. అన్నిటికంటే కష్టంగా దొరికింది కంపోజిటరమ్మ కోటు. ఆమె ప్రెస్సులో ముప్పై ఏళ్ళు సీసం అక్షరాలు కూర్చింది. పోయి నాలుగేళ్ళయింది. బస్సు కండక్టరుగా పనిచేసే కూతురు ఆ కోటును ప్లాస్టిక్ కవర్లో దాచుకుంది. "మా అమ్మ వాసన ఇందులోనే మిగిలిందండీ. ఎలా ఇస్తున్నానో అలాగే రావాలి" అంది. నాది పూచీ అన్నాను.

తీరా తగిలించి చూస్తే అన్నీ నలిగి పీలికల్లా వేలాడుతున్నాయి. "ముడతలు తీయిస్తే బాగుంటుంది" అంది టీచరు. మంగళవారం పొద్దున తొమ్మిదీ ఒక సంచిలో కుక్కి, చెవి దగ్గర ఫోను పెట్టుకునే అక్క బల్ల మీద పడేశాను. "శనివారం ప్రదర్శనకక్కా. ఇస్త్రీ చేసి పెట్టు" అని వచ్చేశాను. ఊళ్ళో ప్రతి గోడకీ చెప్పుకున్నాం గానీ, బట్టలు ఎవరి చేతికి ఇస్తున్నామో ఆ మనిషికి చెప్పాలని తట్టలేదు. వీధికి వీపు పెట్టి నిలబడే మనిషి పోస్టరు ఎప్పుడు చదువుతుంది?

శుక్రవారం మధ్యాహ్నం అక్కే స్వయంగా లైబ్రరీకి మోసుకొచ్చింది. పాదాలు వాచి ఉన్నాయి. ఒక్కొక్కటీ విప్పి చూశాను. గ్రీజు లేదు, సిమెంటు లేదు, సిరా లేదు. తొమ్మిదీ కొత్త బట్టల్లా మెరుస్తున్నాయి.

"చచ్చీచెడీ దించానమ్మా. గ్రీజుకీ సిరాకీ కిరసనాయిలు, సిమెంటుకి వెనిగరు. మూడు రోజులు ఇంకో బేరం ముట్టుకోలేదు. పాపం, నలుగురి ముందు ఆ మాసిన బట్టలతో వాళ్ళ పరువేం కాను అనిపించింది."

మేం చూపించాలనుకున్నది ఆ మరకల్నే. ఆ మాట చెప్పక తప్పలేదు. విని, దగ్గరున్న కుర్చీలో కూలబడింది. తన అరచేతులు చూసుకుంది.

"ముప్పై ఎనిమిదేళ్ళుగా పోగొట్టింది అవేనమ్మా. కావాలని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు" అంది. తర్వాత, "నాకొక మాట చెప్పాల్సింది" అంది. గొంతు పెంచలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

బట్టలిచ్చినవాళ్ళకు కబురు పెట్టాం. మెకానిక్ పగలబడి నవ్వింది. "రేపు పొద్దున అది తొడుక్కుని బండి కింద దూరతాను. మధ్యాహ్నానికల్లా నీ చరిత్ర నీకొచ్చేస్తుంది" అంది. మరో ఏడిళ్ళవాళ్ళూ ఏదో ఒకటి సర్దుకున్నారు. మిగిలింది కంపోజిటరమ్మ కోటు. పోయిన మనిషి మళ్ళీ సిరా ఎలా పూస్తుంది?

కూతురికి నేను చెప్తానన్నాను. "చేతులు నావి కదమ్మా, నేనే చెప్తా" అని అక్క సాయంత్రం దాకా ఇంటికి వెళ్ళలేదు.

కండక్టరు డ్యూటీ దిగి యూనిఫారంలోనే వచ్చింది. అక్క లేచి నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆ అమ్మాయి కోటు అందుకుని ముఖానికి ఆనించుకుంది. ఒకసారి, మళ్ళీ ఒకసారి.

"సబ్బు వాసన" అంది.

నేనేదో సర్దిచెప్పబోయాను. అక్క కళ్ళతోనే వద్దంది. కోటు మెల్లగా తీసుకుని తిరగేసి, ఎడమ జేబు కింద లోపలికి మడిచిన అంచు విప్పింది.

"ఇదొక్కటి రాలేదమ్మా. మూడుసార్లు రుద్దాను, కదల్లేదు. నా చేత కాలేదని సిగ్గేసి, కనబడకుండా మడిచాను."

వేలెడంత మరక, నీలం కలిసిన నలుపు. కండక్టరు దాని మీద బొటనవేలు ఆనించింది. సరిగ్గా సరిపోయింది.

"లైను కూర్చడం అవ్వగానే వేలు ఇక్కడే తుడుచుకునేది" అంది. అప్పుడు ఏడ్చింది. అక్క ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి, తన చేతుల్ని చూసుకుని ఆగిపోయింది.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "ఇంక దీన్ని ఉతకొద్దక్కా" అంది కండక్టరు.

"ముట్టుకోనమ్మా."

కోటు కవర్లో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళిపోయింది. ఉంచమని అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

శనివారం జనం బాగానే వచ్చారు. అక్క మాత్రం రాలేదు, మూడు రోజుల బట్టలు పేరుకుపోయాయట. కంపోజిటరమ్మ బొమ్మ కింద కొక్కెం ఖాళీగా ఉంది. ఎందుకు ఖాళీ అని అడిగిన ప్రతి ఒక్కరికీ, నేను చేసింది నేనే చెప్పాను.