తెల్లపావుల మాస్టారు

కోట గ్రంథాలయం వరండాలో రిటైరైన లెక్కల మాస్టారు పద్మనాభయ్య రోజూ చదరంగం ఆడతారు. తెల్లపావులు ఎప్పుడూ ఆయనవే. ఎదుటివాడు ఆలోచిస్తుంటే బల్ల మీద గోటితో టకటకా కొడుతుంటారు. ఆ రోజు ఆయన పాత శిష్యుడు, దర్జీ షాహుల్, మొదటి ఎత్తుకే గుర్రం ముందున్న నల్లబంటును జరిపాడు. మాస్టారు అలాంటి ఆట ఎన్నడూ చూడలేదు. పావుగంట కదలకుండా కూర్చున్నారు.

"ఎవురు నేర్పించినార్రా?"

"మావాడు సార్," అన్నాడు షాహుల్. ఆ కొడుకు నిరుడు మైపాడు సముద్రంలో మునిగి చనిపోయాడు.

"ఇంత తెలివుండేవాడు ఈత నేర్చుకోలేదేందిరా?"

ఆ తర్వాత షాహుల్ పావులు చూడకుండానే జరిపాడు. నాలుగెత్తుల్లో మంత్రిని పోగొట్టుకుని ఓడిపోయాడు. మాస్టారు పావులు సర్దుతూ, "ఆ బంటుకి తెల్లవాడు ఏం ఆడాలో కూడా చెప్పినాడా వాడు?" అని అడిగారు.

"చెప్పినాడు సార్," అని షాహుల్ ఓపిగ్గా ఆడి చూపించాడు.