పరదాల మూట

కొమురెల్లి ఇస్త్రీ బండి తార్నాకలో, లాలాపేటకు పోయే దారిలో ఒక అపార్ట్‌మెంటు గోడను ఆనుకుని ఉంటుంది. ఇరవై ఆరేళ్ళుగా అక్కడే ఉంది. ఈ మధ్యలో గోడకు నాలుగుసార్లు రంగు మారింది, మెట్రో వచ్చింది, ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్ పోయి మొబైల్ షాపు వచ్చింది. బండి మాత్రం అడుగు కదల్లేదు. చుట్టుపక్కల వాళ్ళు అడ్రసు చెప్పాలంటే ఇస్త్రీ బండి దగ్గర ఎడమకు తిరగమంటారు. మనిషికి ఇంతకంటే పలుకుబడి ఏం కావాలి చెప్పండి.

బట్టలు చెప్పినంత నిజం మనుషులు చెప్పరు. ఏ ఇంట్లో మొగుడూ పెళ్ళాలకు మాటల్లేవో, ఎవరి ఉద్యోగం ఊడిందో, ఏ కుర్రాడు కొత్తగా ప్రేమలో పడ్డాడో కొమురెల్లికి వాళ్ళ ఇంట్లోవాళ్ళకంటే ముందే తెలుస్తుంది. తెలిసినదాన్ని ఎవరికీ చెప్పడు. పెళ్ళాం లచ్చవ్వకు కూడా చెప్పడు. ఆవిడకు చెప్పే పనిలేదు కూడా, మడతలు పెట్టేది ఆవిడే.

ఈ నోటి కట్టడి ఊరికే రాలేదు. పంతొమ్మిదేళ్ళ వయసులో, జనగామ దగ్గర సొంతూళ్ళో ఉన్నప్పుడు, లచ్చవ్వను చూడబోతూ ఉతికి ఇవ్వాల్సిన మూటలోంచి పటేలు కొడుకు తెల్ల అంగీ తీసి తొడుక్కున్నాడు. పెళ్ళి కుదిరింది గానీ చంకలో చెమట మరక పట్టుకుంది. తండ్రి నలుగురిలో చెంప పగలగొట్టి, "మూటల ఉన్నది మనది కాదు. తొడగొద్దు, చెప్పొద్దు" అన్నాడు. ఆ దెబ్బ ముప్పై ఏడేళ్ళయినా కొమురెల్లికి మానలేదు. లచ్చవ్వ మాత్రం, "గా అంగీని చూసే ఒప్పుకున్న, లేకుంటే నీ మొకం ఎవ్వరు చూసెటోళ్ళు" అని ఇప్పటికీ ఏడిపిస్తుంది.

వీళ్ళ ఒక్కగానొక్క కూతురు నవత యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎమ్మే ఎకనామిక్స్ చివరి ఏడాది చదువుతోంది. ఆ క్యాంపస్ మేష్టార్ల చొక్కాలు పాతికేళ్ళుగా ఇస్త్రీ చేస్తున్నా, కొమురెల్లి ఒక్కనాడూ లోపలి గదుల మొహం చూడలేదు. కూతురు చూస్తోంది. అది తలుచుకున్నప్పుడల్లా ఇస్త్రీ పెట్టె తేలికవుతుంది.

ఆ శుక్రవారం నవత బండి దగ్గరకు వచ్చి తల వంచుకుని స్టూలు మీద కూర్చుంది.

"ఏంది బిడ్డా, గట్లున్నవ్?"

"నా ప్రాజెక్టు వాపస్ వచ్చింది బాపూ. మా గైడు విజయశ్రీ మేడం ఇదొక అధ్యయనమా అన్నది. గురువారం వైవా. గాలోపల సరిచెయ్యకుంటే ఆర్నెల్లు వెనక్కి."

ప్రాజెక్టు పేరు చాంతాడంత ఉంది: తార్నాక పరిసరాల్లోని ఈజిప్టు, రష్యా వలసదారుల ఆర్థిక స్థితిగతులు, ఒక పోలిక. వలసదారులంటే ఎవరని కొమురెల్లి మొదట్లో అడిగాడు. ఒక దేశం నుంచి బతుకుదెరువుకో చదువుకో ఇంకో చోటికి వచ్చినవాళ్ళని కూతురు చెప్పింది. "అయితే మనం గూడ అండ్ల వస్తమా?" అన్నాడు. జనగామ నుంచి వస్తే లెక్కలోకి రాదని నవత నవ్వింది.

ఇప్పుడు నవ్వడం లేదు. "నెలకెంత వస్తది, కిరాయెంత, ఇంటికెంత పంపుతరు, అన్నీ అడిగిన. రెండు దిక్కులా సగటు ఒక్కతీరుగనే వచ్చింది. అందరు బాగున్నమనే అంటరు. మరి తేడా ఎక్కడున్నదని మేడం అడుగుతున్నది. నాకు కనిపిస్తలేదు బాపూ."

కొమురెల్లికి కనిపిస్తోంది. పెట్టె కింద, కళ్ళెదుట, కొన్నేళ్ళుగా కనిపిస్తూనే ఉంది. అదే చిక్కు.

ఈజిప్టు పిల్లలు వెనక సందులో రెండు ఫ్లాట్లలో తొమ్మిదిమంది ఉంటారు. పిల్లలంటే ముప్పై దాటిన పిల్లలే, పీహెచ్‌డీలు చేస్తున్నారు. మొదటిరోజు తారెక్ అనే పొడుగుమనిషి వచ్చి "అమ్మో" అన్నాడు. కొమురెల్లి గుండె జారి, ఏ చొక్కా కాలిందోనని పెట్టె ఎత్తి చూసుకున్నాడు. వాళ్ళ భాషలో అమ్మో అంటే బాబాయ్ అని తెలియడానికి వారం పట్టింది. ఇప్పుడు తొమ్మిదిమందీ వీధి చివరి నుంచే "అమ్మో, అమ్మో" అంటూ వస్తారు, కొత్తవాళ్ళు ఉలిక్కిపడతారు.

ఆ తొమ్మిదిమందికీ సూటు ఒక్కటే. ఏ ఇంటి బట్టకు ఆ ఇంటి రంగు దారం గుండీ కాజాలో ముడివేయడం కొమురెల్లి అలవాటు. ఒక నీలం సూటుకు పై ఫ్లాటు ఆకుపచ్చ దారం కట్టాడు. నెల తిరక్కుండా అదే దారంతో అది కింది ఫ్లాటు మూటలో వచ్చింది. తర్వాత ఇంకొకరి పేరు మీద వచ్చింది. తారెక్ పొడుగు, హానీ పొట్టి. పాంటు అంచు ఒకసారి విప్పి ఉంటుంది, ఇంకోసారి మడిచి కుట్టి ఉంటుంది. పాత కుట్టు గీతలు పైకి కనబడకుండా తడిగుడ్డ పరిచి కొమురెల్లి నొక్కుతాడు. వాళ్ళు చెప్పలేదు, ఇతను అడగలేదు.

రష్యావాళ్ళు ఇటువైపు ఆరేడుగురే. ఒకావిడ పియానో నేర్పుతుంది, ఒకాయన కంపెనీలో అనువాదాలు చేస్తాడు. ఎవరి ఇల్లు వాళ్ళది. వాళ్ళలో పెద్దావిడ లీదియా మేడం. ఇరవై రెండేళ్ళ క్రితం భాష నేర్పడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. తెలుగు వ్యాకరణ పుస్తకం ముందేసుకుని నేర్చుకున్న మనిషి. శనివారం ఉదయం తొమ్మిదింటికి వచ్చి, "కొమురెల్లి గారూ, నమస్కారము. ఈ వారము ఎనిమిది వస్త్రములు" అంటుంది. తనను 'గారు' అన్న మొదటి మనిషి ఆవిడే. ఆ మాట విన్న రోజు కొమురెల్లి చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు.

ఈ రెండేళ్ళుగా ఆవిడ దగ్గర నేర్చుకునే పిల్లలు తగ్గారు. ఎవరూ చెప్పలేదు, బట్టలే చెప్పాయి. తెల్ల చొక్కా కాలరు అరిగితే విప్పి తిరగేసి కుట్టుకుంది. గళ్ళ గౌను రావడం మానేసింది, తర్వాత ఉన్ని స్కర్టు మానేసింది. కానీ లెక్క మాత్రం ఎనిమిదే. తగ్గిన బట్టల స్థానంలో కిటికీ పరదాలు వచ్చాయి. ప్రతి శనివారం అవే నాలుగు నీలిపూల పరదాలు. ఉతికినవి కావు, మాసినవీ కావు, పోయిన వారం తను పెట్టిన మడత కూడా చెదరకుండా వస్తాయి. కొమురెల్లి వాటిని విప్పి, నీళ్ళు చల్లి, మళ్ళీ ఇస్త్రీ చేసి ఇస్తాడు. మూట చిన్నదైందని వీధికి తెలియకూడదని ఆ తల్లి పడే తాపత్రయం అతనికి తెలుసు. లచ్చవ్వ ఆ పరదాలు మడతపెట్టేటప్పుడు తల ఎత్తదు.

ఇదీ తేడా. రాబడి ఒక్కటే అయినా అక్కడ ఒక సూటు తొమ్మిదిమందిని నిలబెడుతోంది, ఇక్కడ ఒక మనిషి నాలుగు పరదాల చాటున నిలబడుతోంది. చెప్తే కూతురు గట్టెక్కుతుంది. కానీ మూటలోది చెప్పొద్దు. బయట పెడితే అచ్చులోకి వస్తుంది, గురువారం నలుగురు మేష్టార్లు చదువుతారు. వాళ్ళలో ఇద్దరి చొక్కాలు ఇప్పుడు బండి మీదే ఉన్నాయి. కూతురు కళ్ళు తుడుచుకోవడం చూస్తే మాత్రం చెప్పెయ్యాలని నాలుక దురద పెట్టింది.

చాలాసేపు ఒకే చొక్కాను రుద్దాడు. లచ్చవ్వ చూసి, "గా అంగీని కాల్చేటట్టున్నవ్" అని లాక్కుంది.

చివరికి అన్నాడు. "బిడ్డా, నేను ఎవ్వరి సంగతి చెప్పను. ఒక్క మాట చెప్త. ఎంత వస్తదని అడగకు. ఎంత మారాజుకైన గది చెప్పబుద్ధి కాదు. మంచి దినం వస్తే ఎవరి బట్ట తొడుక్కుంటరని అడుగు."

"గిదేం ప్రశ్న బాపూ?"

"నాకు తెలిసిన ఎకనామిక్స్ గంతే."

నవతకు నమ్మకం కుదరలేదు గానీ వేరే దారీ లేదు. ఆ సాయంత్రమే ఈజిప్టు ఫ్లాటుకు వెళ్ళింది. ప్రశ్న వినగానే తొమ్మిదిమందీ పగలబడి నవ్వారు. సూటు తెచ్చి చూపించారు, ఎవరెవరు ఏ రోజున వేసుకున్నారో పోటీపడి చెప్పారు. వాళ్ళు స్కాలర్‌షిప్ మీద ఒక్కసారే, ఒక్క గుంపుగా వచ్చారు. వంట ఒక పొయ్యి మీద, బియ్యం ఒక బస్తాలోంచి. స్కాలర్‌షిప్ ఆలస్యమైన నెలల్లో ఎవరిది ముందొస్తే వాళ్ళది అందరిదీ.

ఆదివారం లీదియా మేడం ఇంటికి వెళ్ళింది. ఆవిడ టీ ఇచ్చి, ప్రశ్న విని, తన గ్లాసు కింద పెట్టింది.

"నావే ధరిస్తాను" అంది. కాసేపటికి తనే మళ్ళీ చెప్పింది. "మా ఊరిలో మేము ముగ్గురు అక్కచెల్లెళ్ళము. చలికోటు ఒకటే. ఒకరి తరువాత ఒకరు ధరించాము, సిగ్గు లేదు. ఇచ్చటికి నేను ఒంటరిగా వచ్చాను. అందరమూ ఒక్కొక్కరుగా వచ్చాము. ఎవరిని అడగాలి?"

నవత పెన్ను పక్కన పెట్టేసింది. వెళ్ళబోతుంటే ఆవిడే అడిగింది, "గురువారము మీరు ఏమి ధరిస్తారు?" రోజూ వేసుకునే చుడీదారేనని నవత చెప్పింది.

బుధవారం పొద్దున లీదియా మేడం బండి దగ్గరకు వచ్చింది. బుధవారం ఆవిడ రోజు కాదు. చేతిలో మూట లేదు, బూడిదరంగు కోటు ఒకటి ఉంది. పాతదే, కానీ పెట్టెలో భద్రంగా దాచుకున్నది, కలరా ఉండల వాసన వేస్తోంది.

"ఇది ఇస్త్రీకి వచ్చినది, కానీ నాకు కాదు. రేపు అమ్మాయి ధరించాలి. నేను మొదటి రోజు పాఠము చెప్పినప్పుడు ఇదే ధరించాను."

కొమురెల్లి చేతులు వెనక్కి తీసుకున్నాడు. పటేలు కొడుకు అంగీ, నలుగురిలో పడిన చెంపదెబ్బ, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. "వద్దమ్మా. మూటల వచ్చింది మేం తొడగొద్దు. మా నాయిన మాట."

లీదియా మేడం ఆ వాక్యాన్ని తన వ్యాకరణంలో ఒకసారి తిప్పి చూసుకున్నట్టుంది. తర్వాత నిదానంగా అంది.

"కానీ కొమురెల్లి గారూ, ఇది మూటలో లేదు కదా. చేతిలో ఉన్నది."

లచ్చవ్వ కొంగుతో చెయ్యి తుడుచుకుని ఆ కోటు అందుకుంది.

గురువారం బండి మూసి కొమురెల్లి కూతురి వెంట క్యాంపస్‌కు వెళ్ళాడు. లోపలికి రమ్మంటే రానని వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాడు. బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి కాగితాలు తిప్పుతూ, ఎవరి బట్ట తొడుక్కుంటారన్నది అర్థశాస్త్రం ఎలా అవుతుందని అడిగాడు. గదిలో ఎవరో చిన్నగా నవ్వారు. కొమురెల్లి కిటికీ ఊచ పట్టుకున్నాడు.

"సార్, రెండు గుంపులకూ రాబడి దాదాపు ఒక్కటే" అంది నవత. "కానీ ఒక గుంపుకు అడగడానికి మనుషులున్నరు. ఇంకో గుంపుల ఎవరికి వాళ్ళే వచ్చిన్రు, అడగడానికి ఎవరు లేరు. అది దేశం గుణం కాదు సార్, వచ్చిన తీరు. నెల రాబడిల ఈ తేడా కనిపించదు. నేను తొడుక్కున్న ఈ కోటు నాది కాదు. అడగకముందే ఒకరు ఇచ్చిన్రు. నా మొదటి ప్రశ్నపత్రంల దీన్ని రాసుకునే జాగనే లేదు. అదే నా తప్పు."

ఎవరిచ్చారో చెప్పలేదు. సూటు ఎవరిదో, మూటలో ఏముందో, ఒక్క పేరూ చెప్పలేదు. కొమురెల్లికి కళ్ళు మసకబారాయి. పరీక్ష పోయినా ఫరవాలేదనుకున్నాడు, పిల్ల తాత మాట నిలబెట్టింది. పరీక్ష పోలేదు లెండి. అరగంట తర్వాత విజయశ్రీ మేడం బయటకు వచ్చి ఇతన్ని గుర్తుపట్టి, "ఈ ప్రశ్న ఎవరు చెప్పారు, మీరేనా?" అంది. కొమురెల్లి ఆవిడ చీర అంచు బాగా నిలబడిందని చెప్పి తప్పించుకున్నాడు.

శనివారం తొమ్మిదింటికి లీదియా మేడం వచ్చింది. నవత కోటు మడతపెట్టి చేతికే ఇచ్చింది, మూటలో పెట్టలేదు. ఆవిడ దాన్ని గుండెకు ఆనించుకుంది. తర్వాత తన మూట బండి మీద పెట్టింది. ఎప్పటికంటే చాలా చిన్నది.

"కొమురెల్లి గారూ, నమస్కారము" అంది. "ఈ వారము నాలుగు వస్త్రములు మాత్రమే."

కొమురెల్లి ముడి విప్పాడు. రెండు చొక్కాలు, ఒక స్కర్టు, ఒక దిండు గలీబు. పరదాలు లేవు.

"మంచిదమ్మా, ఎంతసేపు, గిప్పుడే అయితది, కూసోండ్రి" అన్నాడు. లచ్చవ్వ అప్పటికే స్టూలు దులిపి ముందుకు జరిపింది.